కూపన్లతో నెల సరుకులు: శ్రీకాకుళంలో నా అనుభవం

కూపన్లు వెతకడానికి ముందు ఇంటి సరుకుల చిట్టాను రెండు భాగాలు చేసుకున్నాను. కూపన్ దొరికే సరుకులు ఒక పక్క, దొరకనివి ఇంకో పక్క. మన ఇళ్లలో పెద్ద ఖర్చంతా ఆ రెండో పక్కే ఉంటుంది. బియ్యం, విడి పప్పులు, చింతపండు, బెల్లం, కూరగాయలు, చేపలు, వీటికి కూపన్ల ఊసే ఉండదు. కూరగాయలకు రైతుబజార్ బోర్డు మీద రాసిన ధరే ఆధారం. బియ్యానికి బేరమే ఆధారం.

బియ్యం దగ్గర ఒక్క విషయం చూసుకోవాలి. 2022 జూలై 18 నుంచి, ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం 25 కిలోల వరకు ఉంటే 5 శాతం జీఎస్టీ పడుతోంది. అంతకు మించితే పడదు. కొట్లలో 26 కిలోల బస్తాలు కనిపించేది అందుకే. సూపర్ మార్కెట్ కరపత్రంలో పాతిక కిలోల బస్తా మీద వంద రూపాయల తగ్గింపు చూసి ఆశపడకుండా, రెండు బస్తాలనూ కిలో ధరకు మార్చి చూడండి. చాలాసార్లు హోల్‌సేల్ కొట్టు బస్తాయే చవక.

ఇక మిగిలినవి సబ్బులు, బట్టల పౌడర్, టూత్‌పేస్టు, టీపొడి, నూనె, నెయ్యి, గోధుమపిండి, బిస్కెట్లు, ఫ్లోర్ క్లీనర్. కూపన్లు పనికొచ్చేది ఇక్కడే. పసిపిల్లల పాలపొడి మీద కూపన్ ఎందుకు లేదని అడిగేవాళ్లుంటారు. 1992 నాటి చట్టం దాని మీద బహుమతులు, ప్రోత్సాహకాలు ఇవ్వడాన్ని నిషేధించింది. తల్లిపాలు మాన్పించే వ్యాపారం జరగకూడదని పెట్టిన చట్టం అది, మంచి చట్టం.

తర్వాతి పని ధరల పుస్తకం. ఇది లేకుండా కూపన్ జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. చిన్న నోట్‌బుక్‌లో ఒక్కో సరుకుకు ఒక్కో వరుస: బ్రాండు, బరువు, ఎమ్మార్పీ, మీరు మామూలుగా కొనే కొట్లో ధర, కిలోకు లేదా లీటరుకు పడే ధర. ఇరవై సరుకులు రాస్తే మొదలుపెట్టడానికి చాలు. ఇప్పుడున్న నిబంధన ప్రకారం ప్యాకెట్ మీద ఎమ్మార్పీతో పాటు గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలి. కాకపోతే అది ఎమ్మార్పీని బట్టి వేసిన లెక్క. కొట్టువాడు తగ్గించి ఇస్తే మళ్లీ మనమే లెక్క వేసుకోవాలి. 2025 సెప్టెంబరు 22కి ముందు రాసుకున్న ధరలుంటే కొట్టేయండి. ఆ రోజు నుంచి ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి, నెయ్యి మీద 12 నుంచి 5 శాతానికి దిగింది. పాత ధరతో పోల్చుకుంటే ప్రతి ఆఫరూ గొప్పగానే కనిపిస్తుంది.

పుస్తకం ఎలా ఉపయోగపడుతుందో చూడండి. అరకిలో టీపొడి ఎమ్మార్పీ 300 అనుకుందాం. వీధి చివరి కిరాణా కొట్లో 270కే ఇస్తారు. సూపర్ మార్కెట్ కూపన్ ఎమ్మార్పీ మీద 40 తగ్గిస్తుంది, అంటే 260. కూపన్ మీద 40 అని రాసున్నా మనకు మిగిలేది పది రూపాయలే. దానికోసం ఆటో ఎక్కి ఏడు రోడ్ల కూడలి దాకా వెళ్తే ఆ పదీ ఛార్జీకే పోతుంది.

నూనె దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. లీటరు నూనె సుమారు 910 గ్రాములు తూగుతుంది. ఇప్పుడు 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా లీటరు ప్యాకెట్‌లాగే కనిపిస్తూ పక్కనే ఉంటున్నాయి. 910 గ్రాములది 150 రూపాయలైతే కిలో 165 పడుతుంది. 800 గ్రాములది 140 ఉండి, అయిదు రూపాయల కూపన్ పోగా 135కి వచ్చినా కిలో దాదాపు 169. కూపన్ వాడి మరీ ఎక్కువ ఇచ్చినట్టు. నూనె ప్యాకెట్ వెనక్కి తిప్పి గ్రాములు చూడకుండా బుట్టలో వేయొద్దు. షాంపూలో దీనికి తిరగేసిన లెక్క: రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లు చాలా బ్రాండ్లలో సీసా కన్నా మిల్లీలీటరుకు తక్కువ పడతాయి. సీసా మీద కూపన్ వచ్చినా ముందు ఆ లెక్క చూడాలి.

ఆఫర్ల భాషను ఒకే కొలతలోకి మార్చుకోవాలి. "20 శాతం అదనం" అంటే 20 శాతం తగ్గింపు కాదు, వంద గ్రాముల డబ్బుకు 120 గ్రాములు వస్తాయి కాబట్టి 16.7 శాతమే. రెండు కొంటే ఒకటి ఉచితం అంటే 33 శాతం, కానీ మూడూ గడువులోపల వాడగలిగితేనే.

కూపన్లు మనకు వచ్చే దారులు నాలుగు. పేపర్లో మడిచి వచ్చే కరపత్రాలు నెల మొదటి వారంలో, దసరాకు, సంక్రాంతికి ఎక్కువ. పోయినసారి బిల్లు అడుగున ముద్రించేవి ఇంకొన్ని, ప్యాకెట్ లోపల వచ్చేవి కొన్ని. నాలుగోది ఫోన్ యాప్‌లు. యాప్‌లో ముందుగా మన పిన్ కోడ్ కొట్టాలి, ఎందుకంటే విశాఖలో ఉన్న ఆఫర్ ఇక్కడ ఉండకపోవచ్చు. డెలివరీ, హ్యాండ్లింగ్ ఛార్జీలు కలిపిన చివరి మొత్తాన్నే పుస్తకంతో పోల్చాలి. పాయింట్ల కార్డు ఇస్తే పాయింటుకు ఎన్ని పైసలు, ఎప్పటిలోగా వాడాలి అని అడగండి. బిల్లు వేయడానికి ఫోన్ నంబరు తప్పనిసరి అనకూడదని 2023లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కొట్లకు సూచించింది. పాయింట్లు అక్కర్లేకపోతే నంబరు చెప్పకండి.

కూపన్ చెల్లకుండా పోయేది ఎక్కువగా కనీస బిల్లు దగ్గర. వెయ్యి దాటితే 10 శాతం, గరిష్ఠంగా 75 అని ఉందనుకోండి. మీ బిల్లు 1,120. అందులో నూనె, పంచదార 310. ఆ రెండింటినీ చాలా కూపన్లు లెక్కలోకి తీసుకోవు. అవి తీసేస్తే మిగిలేది 810, కూపన్ చెల్లదు. కౌంటర్ దగ్గరికి వచ్చాక తెలిస్తే వెనక వరుస చూసి కంగారుగా అక్కర్లేనిది ఏదో బుట్టలో వేసేస్తాం. అందుకే సరుకులు ఏరకముందే "బాబూ, ఈ కూపన్‌కి ఏవేవి లెక్కలోకి రావు?" అని అడిగేస్తాను. గరిష్ఠం సంగతీ అంతే. వెయ్యి బిల్లుకు 75 అంటే ఏడున్నర శాతం, రెండువేల బిల్లుకు అదే 75 అంటే నాలుగు శాతం కూడా లేదు. బిల్లు వెయ్యి దాటగానే ఆపేయడం మేలు.

చవకని ఎన్ని కొనాలన్నది మన వాతావరణం మీద ఆధారపడుతుంది. సబ్బులు, టూత్‌పేస్టు ఆరు నెలలకు సరిపడా తెచ్చినా పర్వాలేదు. గోధుమపిండి, రవ్వ మాత్రం నెలకు మించి వద్దు. సముద్రపు గాలికి తోడు వానల్లో, తుపాన్ల రోజుల్లో తేమ పట్టి పురుగు పడుతుంది. బట్టల పౌడర్ సంచి విప్పాక గాలి చొరబడని డబ్బాలో పోయకపోతే గడ్డకడుతుంది. ఆఫర్లో పెట్టినవాటిలో గడువు దగ్గరపడ్డవే ఎక్కువ, తేదీ చూసే తీసుకోవాలి.

పండగ కూపన్ గెలిచారంటూ వాట్సాప్‌లో వచ్చే లింకులు నొక్కొద్దు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ అడిగితే అది దొంగతనమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

కూపన్ బిల్లు వేయడం పూర్తికాకముందే ఇవ్వాలి. బిల్లు మూసేశాక చాలాచోట్ల తీసుకోరు. తగ్గింపు వరుస పడిందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోవాలి. అరలో రాసిన ధర, బిల్లులో పడిన ధర వేరైతే అక్కడే అడగాలి. ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చెయ్యొచ్చు. దానికి బిల్లు, కరపత్రం రెండూ కావాలి. బిల్లు కాగితం మీద అక్షరాలు వేడికి మాసిపోతాయి కాబట్టి ఇంటికి రాగానే రెండింటినీ పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకోండి.