సింగ్‌నగర్‌లో పిన్ని కుట్టుమిషన్

2024 సెప్టెంబరు 1, ఆదివారం. తెల్లవారుజామున విజయవాడ సింగ్‌నగర్ నుంచి పిన్ని ఫోన్ చేసి, "ఇంట్లోకి నీళ్లొస్తున్నాయిరా, మేడ మీదికి పోతున్నాం" అంది. సాయంత్రానికి ఫోన్ స్విచ్చాఫ్. మళ్లీ ఆమె గొంతు వినేసరికి మూడు రోజులు పట్టింది. నేను హైదరాబాద్‌లో ఉన్నాను. బయల్దేరదామంటే కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, నందిగామ దగ్గర హైవే మీదికి నీళ్లొచ్చాయి. ఆ మూడు రోజుల టెన్షన్ మాటల్లో చెప్పలేను.

ఇంటి ఓనర్లు పైఅంతస్తులో ఉండబట్టి పిన్ని బతికి బయటపడింది. నాలుగో రోజు పడవలో సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దాకా వచ్చి, అక్కణ్ణుంచి గుంటూరులో చెల్లి ఇంటికి చేరింది. నేను వచ్చి కలిసినప్పుడు అడిగిన మొదటి మాట: "వాన ఆగాక కూడా నీళ్లు ఎందుకు పెరిగాయిరా?"

అది బుడమేరు నీరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకు పోయే వాగు అది. వరదను వెలగలేరు దగ్గర్నుంచి మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. కానీ అప్పుడు కృష్ణే పొంగిపోతోంది, బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇక ఈ నీటికి దారెక్కడ? మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం కూడా వచ్చి వాటిని పూడ్చేసరికి సెప్టెంబరు 7, వినాయక చవితి.

పిన్నిని తీసుకుని 13న, శుక్రవారం బెజవాడలో దిగాను. బస్టాండు మామూలుగానే ఉంది. బీసెంట్ రోడ్డులో జనం బట్టలు కొనుక్కుంటున్నారు. ఫ్లైఓవర్ దాటాక మాత్రం వేరే ఊరు. ప్రతి ఇంటి ముందు తడిసిన పరుపులు, తలుపులు ఊడిన ఫ్రిజ్‌లు, పిల్లల పుస్తకాలు కుప్పలుగా పడున్నాయి. గోడలన్నిటి మీదా ఒకే ఎత్తున మట్టిగీత. బ్లీచింగ్ వాసన, దాని కింద కుళ్లిన బియ్యం వాసన. ఫైరింజన్ వచ్చి వీధి కడుగుతుంటే ఆడవాళ్లు "మా ఇంట్లోకి కూడా కొంచెం కొట్టు నాయనా" అని బతిమాలుతున్నారు. ఆ గొట్టం నీళ్లు మాక్కూడా రెండు నిమిషాలు దొరికాయి. అవి చేసిన పని మేం రోజంతా బకెట్లతో చేసినా అయ్యేది కాదు. బురద పచ్చిగా ఉన్నప్పుడు పారతో ఎత్తితే వస్తుంది. ఎండిందా, నేలకి పట్టుకుని ఇక వదలదు. మూల గదిలో అప్పటికే ఎండిపోయింది, దాన్ని గీకడానికి రెండు రోజులు పట్టింది.

పిన్ని టైలరు. ఆమె బాధ మంచం గురించి, టీవీ గురించి కాదు. దసరాకి కుట్టమని ఇచ్చిన చీరలు, జాకెట్టు గుడ్డలు నలభై దాకా ఆ నీళ్లలోనే ఉన్నాయి. "నా సామాను పోతే పోయింది. వాళ్లవి వాళ్లకి ఇవ్వకపోతే ఎట్టారా?" అని మెట్ల మీద కూర్చుంది. నాకు అంతవరకు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

ఒక్కో గుడ్డనీ ముందు ఉత్త నీళ్లలో జాడించాం. మట్టి వదలకుండా సబ్బు పెడితే మరక లోపలికి దిగుతుందని పిన్ని చెప్పింది. కాటన్‌వి చాలావరకు తేరుకున్నాయి. పట్టుచీరలు మూడింటికి అంచు రంగు ఒంటి మీదికి దిగింది. కొలతల పుస్తకం అయితే విచిత్రం: పాత పేజీల్లో బాల్ పెన్నుతో రాసినవి నిలిచాయి, ఈ ఏడాది జెల్ పెన్నుతో రాసినవి నీలం మరకలైపోయాయి. పేజీల మధ్య న్యూస్‌పేపర్ పెట్టి నీడలోనే ఆరబెట్టాం. రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం కూడా అలాగే. పక్కింటివాళ్లు ఇంటి కాగితాలు ఎండలో వేశారు. అవి అప్పడాల్లా ముడుచుకుని, మడత విప్పబోతే చిరిగాయి.

మిషన్ మోటారు పోయింది. తల భాగం మాత్రం ఇనుము కదా, కిరోసిన్‌లో గుడ్డ ముంచి తుడిచి, షటిల్ ఊడదీసి, నూనె రంధ్రాలన్నిట్లో నూనె పోసి పిన్ని చక్రం చేత్తో తిప్పింది. కదల్లేదు. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ తిప్పితే కిర్రుమని పావు వంతు తిరిగింది. మధ్యాహ్నానికి పూర్తిగా తిరిగింది. కింద బల్ల ఉబ్బి పొరలు పొరలుగా విడిపోయింది, పారేశాం.

సాయం సంగతీ చెప్పాలి. నేలఅంతస్తు ఇళ్లకు 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. ఇంటింటికీ వచ్చి వివరాలు రాసుకున్న రోజు మేం కొత్త బల్ల కోసం వన్‌టౌన్ వెళ్లాం, ఇంటికి తాళం. జాబితాలో పిన్ని పేరు రాలేదు. ఆధార్, బ్యాంకు పుస్తకం, నేను మొదటి రోజు ఏదీ ముట్టుకోకముందు తీసిన ఫోటోలు పట్టుకుని మూడుసార్లు తిరిగాం. ఒకచోట రేపు రమ్మన్నారు, ఇంకోచోట ఇక్కడ కాదన్నారు. రెండోసారి క్యూలో నిలబడ్డప్పుడు పిన్ని కాళ్లు వాచిపోయి ఉన్నాయి. నష్టపోయిన మనిషి చేత నష్టాన్ని ఇన్నిసార్లు చెప్పించడం తప్పు. అది ఇప్పటికీ నా మనసులో ఉంది. చివరికి ఒక అమ్మాయి ఫోటోలన్నీ ఓపిగ్గా చూసి, అర్జీ తనే నింపింది. అక్టోబరులో డబ్బు పడింది.

రంగు దిగిన పట్టుచీరల వాళ్ల ఇళ్లకి పిన్నితో నేనూ వెళ్లాను. ఇద్దరు ఏమీ అనలేదు, వాళ్ల ఇళ్లూ మునిగినవే. మూడో ఆమెది మునగని వీధి. చీర విప్పి చాలాసేపు చూసింది. "మా అమ్మ పెట్టిందండీ" అంది అంతే. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. పిన్ని దారంతా మాట్లాడలేదు.

సంక్రాంతికి మళ్లీ వెళ్లాను. గోడ మీద గీత అలాగే ఉంది, ఇంటివాళ్లు ఇంకా సున్నం వేయించలేదు. కొలతలన్నీ పిన్ని బాల్ పెన్నుతో కొత్తగా రాసుకుంటోంది. రాత్రి పడుకునే ముందు కస్టమర్ల బట్టలన్నీ మూటకట్టి స్టూలెక్కి అటక మీద పెడుతుంది, పొద్దున దింపుతుంది. వాన ఉన్నా లేకపోయినా.