షాపింగ్ మాల్‌లో కొన్న కెమెరాతో యుద్ధం సినిమా

జిర్గా అని 2018లో ఒక ఆస్ట్రేలియా సినిమా వచ్చింది. యుద్ధం సినిమానే, కానీ తీసింది కూడా యుద్ధం జరుగుతున్న చోటే. డైరెక్టర్ బెంజమిన్ గిల్మోర్ అంబులెన్స్‌లో పారామెడిక్‌గా పనిచేసినాయన. పాకిస్తాన్‌లో తీద్దామని వెళ్తే అక్కడి ఇంటెలిజెన్స్ వాళ్లు కథ చూసి వద్దన్నారు, దాంతో డబ్బులు పెడతానన్న మనిషీ తప్పుకున్నాడు. ఇంకొకరైతే పెట్టే బేడా సర్దేసేవారు, ఈయన మాత్రం అక్కడే ఒక మాల్‌లో చిన్న సోనీ కెమెరా కొనుక్కుని, హీరో శామ్ స్మిత్‌ని వెంటేసుకుని అఫ్గానిస్తాన్‌లోకి వెళ్లిపోయాడు, అదీ ఐసిస్ వాళ్లు తిరుగుతున్న జలాలాబాద్ వైపు. కెమెరా పట్టింది కూడా ఆయనే.

కథ పెద్దగా ఏం లేదు. అఫ్గానిస్తాన్‌లో రాత్రి రైడ్‌లో ఆయుధం లేని మనిషిని కాల్చేసిన ఆస్ట్రేలియా సోల్జర్ కొన్నేళ్లకి ఒక్కడే తిరిగొచ్చి, ఆ కుటుంబాన్ని వెతుక్కుంటూ పోయి ఊరి పెద్దల పంచాయితీలో నిలబడతాడు, ఆ పంచాయితీనే అక్కడ జిర్గా అంటారు.

మా శ్రీకాకుళం సంగతి తెలుసు కదా, తెల్లారకుండానే రోడ్ల మీద సెలక్షన్ల కోసం పరిగెత్తే కుర్రాళ్లు, ఇంటికో ఆర్మీ మనిషి ఉన్న ఊళ్లు. అందుకే దీన్ని ఆర్మీలో రిటైరైన మా బావతో కలిసి చూశా. మొదట్లో ఆయన నవ్వేశాడు, "సోల్జరు ఒక్కడే ఎల్లి సెమించమనడం ఏట్రా, ఇది జరిగే పనేనా" అని. పంచాయితీ సీన్ వచ్చేసరికి ఫోన్ పక్కన పెట్టేసి "ఇంతకీ ఆ పిల్లడు ఏటంటాడు" అని నన్నే అడగడం మొదలెట్టాడు, చచ్చిపోయినాయన కొడుకు చేతిలోకే తీర్పు వస్తుంది మరి. ఏమన్నాడో నేను చెప్పను.

డబ్బుల్లేకపోవడమే ఈ సినిమాని కాపాడింది అనిపిస్తుంది నాకు. హెలికాప్టర్లు, పేలుళ్లు పెట్టే స్థోమత ఉంటే పెట్టేసేవాళ్లేమో! అవి లేవు కాబట్టి కొండలు, దుమ్ము, ఒక టాక్సీ, భాష రాని ఇద్దరు మనుషులు మిగిలారు. ఆ టాక్సీ డ్రైవర్ రబాబ్ అనే తీగల వాయిద్యం వాయిస్తూ పాడుతుంటే పక్కన హీరో ఊరికే కూర్చుని ఉంటాడు చూడండి, మన వాళ్లు గ్రీన్ మ్యాట్ ముందు కోట్లు పోసి తీసిన బోర్డర్ సీన్లలో ఆ బిడియం దొరకదు. అక్కడ శామ్ స్మిత్ మొహంలో బెరుకు నటనేనా అని నాకు ఇప్పటికీ డౌటే.

లోపాలున్నాయి. హీరో గురించి మనకి తెలిసేది చాలా తక్కువ, ఇంటి దగ్గర ఎవరున్నారు, ఇన్నాళ్లూ ఎలా బతికాడు ఏమీ చెప్పరు. ఆడవాళ్లు దాదాపు కనబడరు. అయినా ఆస్ట్రేలియా వాళ్లు ఆస్కార్ ఫారిన్ సినిమాల పోటీకి దీన్నే పంపించారు.

78 నిమిషాలే, సబ్‌టైటిల్స్ పెట్టుకోవాలి. యుద్ధం సినిమా కదా అని పిల్లల్ని మాత్రం కూర్చోబెట్టకండి, మా మేనల్లుడు పావుగంటకే "ఇంకా కాల్చుకోరేటి మావయ్యా" అని రీల్స్‌లోకి పోయాడు.