రేషన్ కార్డు నవల: రెండో ప్రతి ఎంతవరకు వచ్చింది

రెండో ప్రతి సగం దాటింది. లక్ష్యం 45,000 పదాలు. డెమీ 1/8 సైజులో, 12 పాయింట్ల అక్షరంతో పేజీకి సుమారు 225 పదాలు పడతాయి కాబట్టి కథకు 200 పేజీలు. ముందు పేజీలు ఎనిమిది కలిపితే 208, అంటే 16 పేజీల ఫారాలు సరిగ్గా 13. సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునేవాళ్లు ఈ లెక్క రాస్తున్నప్పుడే చూసుకోవాలి. పేజీలు 210కి వెళ్లాయంటే పద్నాలుగో ఫారం మొదలైనట్టే, అందులో 14 పేజీలు ఖాళీ.

కథ తెలంగాణలో, ఇంకొన్నేళ్ల తర్వాత. రేషన్ ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఆపాలో ఏఐ తేలుస్తుంది. తిరగబడే రోబోలు లేవు, మనుషుల్ని ఏలాలనుకునే కంప్యూటరూ లేదు. యంత్రానికి దుర్బుద్ధి అంటగట్టిన క్షణాన పాఠకుడు ఊపిరి పీల్చుకుంటాడు, ఇది మన సంగతి కాదని. జరిగిన కథలు అంతకంటే భయంకరంగా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో భృతి బాకీలు తేల్చడానికి 2016 నుంచి నడిచిన రోబోడెట్ పథకంలో మనిషి ఏడాది ఆదాయాన్ని 26 పక్షాలకు సమానంగా పంచేశారు. ఆరు నెలలు పనిచేసి, తర్వాత పనిలేక భృతి తీసుకున్నవాడికి ఆ భృతి పక్షాల్లోనూ జీతం ఉన్నట్టు తేలింది, బాకీ కట్టమని నోటీసు వెళ్లింది. అందులో ఏఐ కూడా లేదు, ఉన్నది భాగహారమే. తెలంగాణలో ప్రభుత్వ కంప్యూటర్ వ్యవస్థ సమగ్ర వేదిక రకరకాల శాఖల రికార్డుల్ని కలిపి మనుషుల్ని పోల్చింది. రద్దయిన రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని సుప్రీంకోర్టు 2022లో చెప్పాల్సి వచ్చింది. నా నవల ఇక్కడినుంచే మొదలవుతుంది. ఇకపై చెప్పే యంత్రం మాత్రం పూర్తిగా కల్పితం.

ఈ ప్రతిలో ఎక్కువ పని యంత్రం లోపలి లెక్క మీదే జరిగింది. రికార్డుల్లో పేర్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లో ఉంటాయి. రెండు పేర్లు ఎంత దగ్గరో చూడటానికి ఒకదాన్ని ఇంకోదానిగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో లెక్కపెట్టే పాత పద్ధతి ఒకటుంది, లెవెన్‌స్టైన్ దూరం. ఆ సంఖ్యను పొడుగు పేరులోని అక్షరాలతో భాగించి, ఒకటిలోంచి తీసేస్తే పోలిక మార్కు వస్తుంది. లక్ష్మి పేరును కొందరు ఎక్స్‌తో ఐదక్షరాల్లో, కొందరు కె, ఎస్, హెచ్ పెట్టి ఏడక్షరాల్లో రాస్తారు. దూరం 3, మార్కు 0.57. ఒకే మనిషి ఇద్దరైపోయింది. రమణకు ఆరక్షరాలు, రామన్నకు ఏడు, తేడా ఒక్క ఎన్. మార్కు 0.857. ఇద్దరు మనుషులు ఒక్కటైపోయారు. నవలలో ఇద్దరూ ఒకరే అని తేల్చే గీతను 0.85 దగ్గర గీశారు. రామన్నకు కారుంది కాబట్టి అనర్హుడు, రమణ హమాలీ. ఇద్దరి తండ్రుల పేర్లూ ఒకటే, ఊరూ ఒకటే. గీత 0.86 దగ్గర ఉంటే రమణ ఇంట్లో బియ్యం ఆగేవి కావు.

ఇలాంటి నవల రాసేవాళ్లు రెండో లెక్క కూడా కాగితం మీద వేసుకోవాలి. కోటి కుటుంబాలు, అందులో అనర్హులు 2 శాతం అనుకుందాం, అంటే 2 లక్షలు. వాళ్లలో 90 శాతాన్ని, 1.8 లక్షల మందిని, యంత్రం పట్టుకుంటుంది. అర్హుల్లో 5 శాతాన్ని పొరపాటున అనర్హులంటుంది. అర్హులు 98 లక్షలు కాబట్టి అది 4.9 లక్షల కుటుంబాలు. మొత్తం 6.7 లక్షల కార్డులు ఆగితే నాలుగింట దాదాపు మూడు అన్యాయంగా ఆగినవే. ప్రెస్ మీట్‌లో మంత్రి 90 శాతం అన్న మాటే చెబుతాడు, అబద్ధం ఒక్కటీ ఆడడు. ఆ అధ్యాయం ఈ ప్రతిలో బాగా కుదిరింది.

యంత్రం గొంతుకు ఆఫీసు తెలుగే వాడుతున్నాను. అది ఎప్పుడూ ‘నేను’ అనదు. ‘అర్హత లేనందున కార్డు నిలుపుదల చేయడమైనది.’ చేసిందెవరో ఆ వాక్యంలో ఎక్కడా లేదు. దీని ముందు లోహపు కంఠాలూ ఎర్రకళ్లూ ఏపాటి?

ఇక టైపింగ్ సంగతి. ఏఐ కథలో సర్వర్‌లు, డేటాసెట్‌లు, సాఫ్ట్‌వేర్ అడుగడుగునా వస్తాయి. పొల్లు తర్వాత, పక్క అక్షరం వత్తుగా కలవకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, కోడ్ 200సి, పడకపోతే ట వత్తు పక్కన వ కూడా వత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఒకే మాట ప్రతిలో రెండు రకాలుగా ఉంటే వెతుకులాటలో సగమే దొరుకుతుంది. లిబ్రెఆఫీస్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌కు టిక్ పెట్టి, బ్యాక్‌స్లాష్, యు, 200సి కలిపి కొడితే ఆ నాన్ జాయినర్ ఉన్న చోట్లన్నీ దొరుకుతాయి. వాడే మాటల పట్టిక ఒకటి పెట్టుకుని ఒక్కో మాటనూ ఒకే రూపానికి తేవడం సగం అయింది. రాజ్‌కుమార్ పేరు తెలుగులో టైపైన చోట ఇదే కారణంగా రెండుగా చీలిపోవడం తొమ్మిదో అధ్యాయంలోకి వచ్చి చేరింది. బయటివాళ్లకు ఇది ఊహకు తట్టే చిక్కు కాదు, అందుకే నాకంత ఇష్టం.

పేజీలు కట్టేటప్పుడు లెటర్ స్పేసింగ్ సున్నా దగ్గరే ఉంచాలి, పెంచితే కొన్ని చోట్ల వత్తులు విడిపోతాయి. వరుసల ఎడం అక్షరానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ప్రెస్‌కు యూనికోడ్ ఫైలు ఇస్తే యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోకి మార్చుకునే అలవాటు ఇంకా ఉంది, ఆ మార్పిడిలో పొల్లులు గల్లంతవుతాయి. అందుకని పీడీఎఫ్ మాత్రమే ఇవ్వాలి, అదీ ప్రాపర్టీస్‌లో ఫాంట్ల పేర్ల పక్కన ఎంబెడెడ్ అని, అంటే ఫాంటు ఫైల్లోనే ఇమిడి ఉన్నట్టు, ఉందో లేదో చూసుకున్నాకే. ఐఎస్‌బీఎన్ అనే పుస్తకం గుర్తింపు సంఖ్యను రాజా రామమోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగానే ఇస్తుంది. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈబుక్‌కు ఇంకొకటి అడగాలి.

ఇంకా తేలనిది పద్నాలుగో అధ్యాయం, అప్పీలు. రమణ కాగితాలన్నీ పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు వెళ్తాడు. ఆమె మంచి మనిషి, సాయం చేయాలనే ఉంది. ఆమె స్క్రీన్ మీద ‘అనర్హత’ అని ఉంటుంది, 0.857 చూపించే గడి ఉండదు. ఆ సంఖ్య పాఠకుడికి అప్పటికే తెలిసి ఉండాలా, ఆమెతోపాటే తెలియాలా అన్నది తేల్చుకోవాలి, ఆమెతోపాటే అనుకుంటే మూడో అధ్యాయంలోంచి రెండు పేజీలు అక్కడికి మార్చాలి.