చేదెక్కిన బత్తాయి

కొలెస్ట్రాల్ తగ్గించే గోలీ అటోర్వాస్టాటిన్ 40 మొదలైన మూడో వారానికి నాకు బత్తాయి రసం చేదుగా తగిలింది. నల్లగొండల బత్తాయి చేదంటే ఎవరైనా ముందు కాయను తిడతరు, తర్వాత బోరు నీళ్లను. నేనూ అంతే. చాయ్ తాగినాక నాలుక మీద పాత పైస పెట్టుకున్నట్టు ఉండేది.

అటోర్వా లాంటి స్టాటిన్ గోలీలతో రుచి మారడం అరుదే, కానీ దుష్ప్రభావాల పట్టీలో ఉన్నదే. చిక్కేమిటంటే, నాలాగా గుండె రక్తనాళంల స్టెంటు (సన్న జాలి గొట్టం) పడ్డవాళ్లు మింగేది ఆ ఒక్క గోలీ కాదు. బీపీకిచ్చే రామిప్రిల్, షుగరుకిచ్చే మెట్‌ఫార్మిన్ కూడా నోరు పాడుచేయగలవు. చిగుళ్ల వాపు, నోరెండటం, జింకు లోపం కూడా అంతే.

ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. ముక్కు గట్టిగా పట్టుకుని, నాలుక మీద చిటికెడు చక్కెర వేసుకోవాలి. పుక్కిలించి ఉప్పు, మళ్లీ పుక్కిలించి నిమ్మచుక్క. మూడూ తెలిస్తే నాలుక బాగున్నట్టే, వాసన దగ్గర చూడాలి. నాకు ఉప్పు, పులుపు తెలిసినయి. చక్కెర ఇసుక నమిలినట్టుంది.

గోలీ సొంతంగా మాత్రం ఆపొద్దు. ఆపిన కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) మళ్లీ పాత అంకెకు ఎక్కుతుంది, స్టెంటున్న గుండెకు అది ప్రమాదం. ఏ గోలీ ఏ తేదీన మొదలైంది, రుచి ఎప్పుడు మారింది అని చీటీ రాసుకుపోతే డాక్టర్ సారు పని సగం అయినట్టే. ఆయన రామిప్రిల్ జోలికి పోలేదు, అటోర్వా తీసేసి ఇంకో స్టాటిన్, రోసువాస్టాటిన్ 20 రాసిండు. రెండూ ఒక్కసారే మారిస్తే దొంగ ఎవరో దొరకడు. రుచి కణాలు పది రోజుల నుంచి రెండు వారాల్లో కొత్తవి వస్తయి గనుక వారానికే తేల్చేయొద్దు. లోహపు రుచి పన్నెండు రోజుల్లో పోయింది, తీపికి అయిదు వారాలు పట్టింది. ఆరో వారం చేయించిన లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష)ల ఎల్‌డీఎల్ 70 లోపే ఉంది.

నేను చేసిన తప్పు ఉప్పు. రుచి తెలుస్తలేదని పచ్చిపులుసుల ఇంకో చెంచా, జొన్నరొట్టెకు ఇంత తొక్కు. బీపీ 150 దాటింది. దాని బదులు నిమ్మరసం, వేయించిన జీలకర్ర, నువ్వుల పొడి, కొత్తిమీర వాడొచ్చు.

దగ్గుకో పంటికో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే స్టాటిన్ సంగతి ముందే చెప్పాలి: ఆ యాంటీబయాటిక్ నోరు చేదు చేస్తుంది, ఒంట్లో అటోర్వా మోతాదునూ పెంచుతుంది. కండరాలు నొస్తూ మూత్రం ముదురు రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి. అటోర్వా వాడేవాళ్లకు బత్తాయితో ఇబ్బంది లేదు. పంపరపనస మాత్రం వద్దు.