మూడో కుండలో ఎర్ర కన్ను

కావలి, ఆదివారం

రాత్రంతా ముసురు. తెల్లవారాక తెరిపిచ్చింది. పిట్టల గదికి కట్టిన పట్టా విప్పి ముందు మూడో కుండ చూశాను. బడ్జీలు, అంటే ఆస్ట్రేలియా చిన్న చిలకలు, రోజు విడిచి రోజు గుడ్డు పెడతాయి, ఒక్కో గుడ్డు 18 రోజులకి పగులుతుంది. అందుకే ఒకే కుండలో పిల్లలు మెట్లు మెట్లుగా ఉంటాయి. పెద్దదానికి నూగు వస్తోంది, చిన్నది ఇంకా చిక్కుడు గింజంతే.

పెద్దదానికి ఇవాళ కాలికి గుర్తింపు రింగు వేయాలి. ఇంకో రెండు రోజులాగితే కాలు లావెక్కి ఎక్కదు. వేళ్లకి కాస్త కొబ్బరి నూనె రాసి, ముందు వేళ్లు రెండూ దగ్గరకి చేర్చి, వెనక వేళ్లని కాలికి ఆనించి పట్టుకుని రింగు పైకి జరిపాను. ఇరుక్కున్న వెనక వేళ్లని అగ్గిపుల్ల మొనతో మెల్లగా బయటికి తీశాను. చేతిలో ఉన్నంతసేపూ కీచుమంటూనే ఉంది.

తర్వాత రెండోదాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురులో చూశాను. ఇంకా కళ్లు తెరవలేదు. మామూలుగా మూసిన రెప్ప కింద నల్లటి కనుగుడ్డు ఉబ్బెత్తుగా కనబడుతుంది. దీనికి నలుపు లేదు, చర్మం కింద పలచటి ఎరుపు. తల తిప్పి రెండో కన్నూ చూశాను. అదీ అంతే. సంతోషంతో చెయ్యి వణికింది. పిల్లని జాగ్రత్తగా కుండలో పెట్టేసి అక్కడే కూలబడ్డాను.

దీని తండ్రి పచ్చది, తల్లి నీలం. రెండింటికీ కళ్లు నల్లనివే. మరి ఎరుపు ఎక్కడిదంటే నాయనమ్మది. ఆమె ఎర్ర కళ్ల పసుపు పిట్ట. పిట్టల్లో ఆడా మగా తేల్చే క్రోమోజోములు మగదానికి రెండు జెడ్‌లు, ఆడదానికి ఒక జెడ్, ఒక డబ్ల్యూ. కంట్లో, ఈకలో నలుపు లేకుండా చేసే ఈ గుణం జెడ్ మీద ఉంటుంది. ఆడపిట్టకి ఒక్క జెడ్డే కాబట్టి గుణం ఉంటే బయటపడి తీరాలి. మగపిట్ట మాత్రం ఒక జెడ్‌లో దాన్ని మోస్తూ పైకి మామూలు పచ్చగానే బతికేస్తుంది. మూడో కుండలో తల్లి కళ్లు నల్లనివి కనుక ఆమె దగ్గర ఈ గుణం లేదు. మగపిల్లకైతే ఆమె నుంచి మామూలు జెడ్ ఒకటి వచ్చి ఎరుపుని దాచేసేది. అంటే ఈ పిల్ల ఆడదే! కళ్లు తెరవకముందే, ముక్కు మీద రంగు తేలకముందే, నోటుబుక్కులో 'ఆడ' అని రాసేసుకున్నాను.

పసుపా, తెలుపా అన్నదే ఇంకా తెలీదు. పచ్చ బడ్జీ ఈకలో పచ్చ రంగంటూ విడిగా ఏదీ ఉండదు. ఉండేది పసుపు. నీలం ఈక కట్టుబడిలో వెలుగు చెదరడం వల్ల వస్తుంది, దాని వెనక నలుపు ఉంటేనే కంటికి ఆనుతుంది. పసుపూ నీలమూ కలిసి మనకి పచ్చ. పసుపు తయారు కాకపోతే నీలం పిట్ట, నలుపు లేకపోతే పసుపు పిట్ట, రెండూ లేకపోతే తెల్లది. పసుపు ఆగిపోవడానికి ఒకే ఒక్క జన్యువులో చిన్న మార్పు కారణమని 2017లో కనుక్కున్నారు. మా పచ్చ మగపిట్టకి వాళ్ల నాన్న నుంచి ఆ నీలం గుణం కూడా వచ్చింది, పైకి కనబడదంతే. కాబట్టి ఈ జంటకి తెల్ల పిల్ల పుట్టే అవకాశం ఎనిమిదింట ఒకటి, ఎర్ర కళ్ల పసుపు పిల్లకీ అంతే. ఈకలు మొలిచేదాకా ఆగాలి.

పక్కింటి ఇంటర్ కుర్రాడికి ఇదంతా చెబుతుంటే ఫోన్ తీసి అమెరికా కార్న్ స్నేక్‌ల వీడియో చూపించాడు. గులాబీ తెలుపులో భలే ఉంది పాము. "ఏంది మామా, పాములకీ ఇదే లెక్కా?" అన్నాడు. చాలావరకు ఇదే. వాటిలో నలుపు లేనిదాన్నీ ఎరుపు లేనిదాన్నీ జత కడితే పిల్లలన్నీ మామూలు రంగులోనే పుడతాయి, వాటి పిల్లల్లో పదహారింట ఒకటి ఇలా తెల్లగా వస్తుంది. అయితే అక్కడ ఆ గుణం ఆడ మగ క్రోమోజోముల మీద లేదు, తల్లీ తండ్రీ ఇద్దరూ ఇస్తేనే బయటపడుతుంది. వాడు మన జెర్రిపోతుల్ని పెంచుదామంటాడేమోనని, 1972 చట్టం ప్రకారం మన పాముల్నీ రామచిలకల్నీ ఇంట్లో పెట్టుకోకూడదని అప్పుడే చెప్పేశాను.

మధ్యాహ్నం నెల్లూరు నుంచి పిట్టలు కొనే అతను ఫోన్ చేశాడు. ఎర్ర కన్ను సంగతి విని, "అన్నా, అన్నాచెల్లెళ్లని జత కట్టెయ్, ఏడాది తిరిగేలోపు అన్నీ తెల్లవే" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. దగ్గరి రక్తం కలిసేకొద్దీ గుడ్డులోనే చచ్చే పిల్లలు, ఎగరలేని పిల్లలు ఎక్కువవుతాయి. ఆ బాధ నేను పడలేను. "పచ్చవి ఎవరిక్కావాలన్నా" అని కూడా అన్నాడు. ఆ మాట నాకు కష్టంగా తోచింది. 1840లో ఇంగ్లండు పక్షి శాస్త్రవేత్త జాన్ గౌల్డ్ ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండు తీసుకెళ్లినవి పచ్చవే. ఈనాటి నీలాలూ పసుపులూ తెలుపులూ అన్నీ అలాంటి పచ్చవాటి కడుపున పుట్టినవే. నా దృష్టిలో మంచి పచ్చ పిట్ట లేని గది గది కాదు. ఎర్ర కళ్లవాటిని వాటిలో వాటికే కలుపుతూ పోతే ఒళ్లు చిన్నబోతుంది, మధ్యమధ్య గట్టి పచ్చది కలిస్తేనే నిలబడతాయి.

సాయంత్రం మా ఆవిడ ఉడికించిన గుడ్డు, మునగాకు ఇచ్చింది. తుమ్మలపెంట బీచిలో ఏరుకొచ్చిన సముద్రఫేనం (కటిల్ ఫిష్ ఎముక) ముక్క కొత్తది కట్టాను, పాతదాన్ని నీలం తల్లి కొరికి కొరికి అరగదీసింది. గుడ్లు పెట్టిన ఒళ్లు, సున్నం కావాలి మరి. రేపటికి కొర్రలు నానబెట్టాలి. ఎండలు ముదిరితే కుండలన్నీ దించేస్తాను, ఈ చలికాలమే వీటికి కాన్పుల కాలం.

ఎర్ర కళ్ల పిల్లకి ఏడాది నిండితేగానీ జత కట్టను. మగపిట్టని మాత్రం ఇప్పుడే మాట్లాడి పెట్టుకోవాలి. ఒంగోలులో ఒకాయన పచ్చవి మాత్రమే పెంచుతాడు. వెడల్పు తలలు, నిండు గుండెలు, మా పిట్టలతో ఏ చుట్టరికమూ లేనివి. సంక్రాంతి కాగానే వెళ్లి అడుగుతాను.