ఎర ఓడల ఆదివారం

పొద్దున్న అక్క కొడుకుని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళి సబ్‌మెరైన్ చూపించా. వైజాగ్‌లో ఉన్నాం అన్నమాటే గానీ చుట్టాలొస్తే తప్ప మనం కురుసురా లోపలికి ఎక్కడ వెళ్తాం. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరేసరికి నాకు నడుం పట్టేసింది, వాడికేమో ఆటగా ఉంది. టార్పెడోల దగ్గర ఆగిపోయి "మావయ్యా, తెరచాప పడవ కనిపించినా ఇంత పెద్దది వేస్తారా?" అన్నాడు. అంత చిన్నదానికి దండగ రా అన్నా. అన్నాక గుర్తొచ్చింది, మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళు ఆడిన నాటకమంతా ఆ దండగ అన్న లెక్క మీదే కదా నడిచింది. ఇంటికొచ్చి, తిని, మధ్యాహ్నం కునుకు మానేసి అదే చదువుతూ కూర్చున్నా. కరెంటు లేదు, ఫోన్ ఛార్జింగ్ చూసుకుంటూ చదివా.

సంగతేంటంటే, జర్మన్ సబ్‌మెరైన్‌లో టార్పెడోలు లెక్కగా ఉంటాయి. చిన్న సరుకు ఓడ కనిపిస్తే పైకి తేలి ఫిరంగితో నాలుగు దెబ్బలు కొట్టేవాళ్ళు, లేదా కళాసీలు లైఫ్‌బోట్ ఎక్కి పోయేదాకా ఆగి ఓడలో బాంబు పెట్టి ముంచేసేవాళ్ళు. సరే అలా పైకి తేలేది మాకు కావాలి అని బ్రిటిష్ నేవీ మామూలు స్కూనర్లు (సరుకులు మోసే తెరచాప ఓడలు), చేపల పడవలు తీసుకుని లోపల ఫిరంగులు దాచింది. 1915 ఆగస్టులో ఇన్వర్లయన్ అనే చేపల పడవ ఒక్క చిన్న ఫిరంగితో యూబీ-4 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ని ముంచేసింది, అందులో ఒక్కడూ బతకలేదు.

నన్ను కదలనివ్వనిది మాత్రం ప్రైజ్ అనే ఓడ కథ. యుద్ధం మొదలవుతూనే జర్మన్ల దగ్గర పట్టుకున్న మూడు తెరచాప కొయ్యలున్న స్కూనర్ అది, రెండొందల టన్నులు ఉంటుందేమో. కెప్టెన్ విలియం శాండర్స్, న్యూజిలాండ్‌లో ఆక్లాండ్ మనిషి, అప్పటికి 34 ఏళ్ళు, వ్యాపార ఓడల్లో పనిచేసి వచ్చినవాడు. 1917 ఏప్రిల్ 30 సాయంత్రం ఐర్లాండ్‌కి దక్షిణాన యూ-93 అనే జర్మన్ సబ్‌మెరైన్ కనిపించి కాల్చడం మొదలెట్టింది. ప్రైజ్ కళాసీల్లో కొంతమంది హడావిడిగా, భయపడిపోయినట్టు పడవ దింపుకుని పారిపోయారు. అది వాళ్ళ డ్యూటీ. భయపడ్డం కూడా ముందే ప్రాక్టీస్ చేసి పెట్టుకున్నారంటే చూడండి! మిగిలినవాళ్ళు డెక్ మీద బోర్లా పడుకుని దాదాపు ఇరవై నిమిషాలు ఊపిరి బిగపట్టి ఉన్నారు, పైన గుండ్లు పడుతున్నాయి, ఓడకి చిల్లులు పడుతున్నాయి, పక్కవాడికి దెబ్బ తగిలినా కిక్కురుమనకూడదు. సబ్‌మెరైన్ బాగా దగ్గరికి వచ్చాకే శాండర్స్ సైగ చేశాడు, ఫిరంగుల్ని దాచిన తెరలు కిందపడ్డాయి, నేవీ జెండా పైకి లేచింది, ఫిరంగులు పేలాయి. ఆ జెండా ఎగరెయ్యకుండా కాలిస్తే యుద్ధ నియమాలు ఒప్పుకోవు, అంతసేపు వేషం వేసి చివర్లో అసలు మొహం చూపించాక కొట్టొచ్చన్నమాట, ఏం నియమమో ఏమో.

జర్మన్ కెప్టెన్ ఫాన్ స్పీగెల్, ఇంకో ఇద్దరు నీళ్ళలో పడితే ప్రైజ్ వాళ్ళే పైకి లాగారు. అప్పటికి ప్రైజ్‌లోకి నీళ్ళొచ్చేస్తున్నాయి, దాంతో ఆ ముగ్గురూ కూడా తమని కొట్టిన ఓడ మునక్కుండా సాయం పట్టారు. ఎలాగో ఐర్లాండ్ తీరం, కిన్సేల్ చేరారు. శాండర్స్‌కి బ్రిటిష్ వాళ్ళ అతి పెద్ద శౌర్య పతకం, విక్టోరియా క్రాస్ ఇచ్చారు గానీ ఏం చేసినందుకో బయటికి చెప్పలేదు, రహస్యం కదా.

యూ-93 మునిగిందనే అందరూ అనుకున్నారు. మునగలేదు. కెప్టెన్ లేకుండానే కుంటుకుంటూ జర్మనీ చేరింది, ఆ స్కూనర్ ఎలా ఉంటుందో చెప్పేసింది. 1917 ఆగస్టు 14న యూబీ-48 టార్పెడోతో ప్రైజ్‌ని కొట్టింది, శాండర్స్‌తో సహా ఒక్కరూ మిగల్లేదు. దండగ అనుకున్న టార్పెడోనే వేశారు చివరికి.

నాకు మింగుడు పడనిది ఇక్కడే. కళాసీలు దిగిపోనీలే అని అవతలివాడు ఆగే ఆ కాస్త టైమే ఈ ఎరకి ఆధారం. ఆ నమ్మకం పోయాక నిజంగా ఉప్పో బొగ్గో మోసుకునే పడవవాడి మీద కూడా జాలి చూపించడం ఎందుకు? 1917 ఫిబ్రవరి నుంచి జర్మన్లు ఎలాగూ హెచ్చరిక లేకుండా ముంచడం మొదలెట్టారు, అది బ్రిటిష్ వాళ్ళ తప్పే అని నేననను, జర్మన్ల లెక్కలు జర్మన్లవి. కానీ ఫిరంగి లేని పడవలో ఉన్నవాణ్ణి ఎవరూ అడగలేదు కదా, నీ వేషం మేం వేసుకోవచ్చా అని. ధైర్యం విషయంలో శాండర్స్‌కి దండం పెడతాను, ప్లాన్ విషయంలో పెట్టలేను.

ఈ గోలంతా పిల్లాడికి చెప్పలేదు. స్పీగెల్ సాయం చేసిన ముక్క వరకే చెప్తే "అయితే ఫ్రెండ్స్ అయిపోయారా?" అన్నాడు. ఖైదీగా తీసుకెళ్ళారు రా అన్నా, నచ్చలేదు వాడికి.

ఇలాంటి ఓడే రిజల్ట్ అని ఇంకోటి ఉంది, 1893లో కట్టింది, 1917లో ఇదే వేషం వేసింది, యుద్ధమయ్యాక ఫిరంగులు తీసేసి మళ్ళీ సరుకులకే పోయింది, 1967 దాకా. తర్వాత ఉత్తర ఐర్లాండ్‌లో మ్యూజియం వాళ్ళు తీసుకున్నారు. దాని ఫోటోలు వెతుకుతుంటే పదకొండు దాటింది, అమ్మ రెండుసార్లు కేకేసింది, రేపు ఆఫీసు.