టాక్సీ నంబరుతో రెండు లెక్కలు

ఈ డిసెంబరు 22న మన గణిత శాఖ రామానుజన్ పుట్టినరోజున వచ్చే జాతీయ గణిత దినోత్సవంతో పాటు, సందేశాల్ని రహస్యంగా పంపే విద్య అయిన క్రిప్టోగ్రఫీ మీద వర్క్‌షాప్ కూడా పెడుతోంది. మన రోజుల్లో నంబర్ థియరీ పేపరంటే ఫెర్మా, ఆయిలర్ సిద్ధాంతాలకు నిరూపణ రాసి బయటపడడమే. ఇవెక్కడ పనికొస్తాయి సార్ అంటే వచ్చే జవాబు "నెట్ పరీక్షలో" అని. కాబట్టి మన పూర్వ విద్యార్థుల ఈ సంచికకి హాస్టల్ కబుర్ల బదులు వర్క్‌షాప్‌కి అక్కరకొచ్చే లెక్కలే రాస్తున్నాను.

ముందొక మాట. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఎలాగూ భోజనాల వేళవుతుంది. వర్క్‌షాప్‌ని ముందురోజు పెట్టుకోవడం మేలు.

ఉపన్యాసాల్లో, రామానుజన్‌ని చూడడానికి గణితవేత్త హార్డీ ఎక్కి వెళ్లిన టాక్సీ నంబరు 1729 రాక తప్పదు. రెండు ఘనాల మొత్తంగా రెండు రకాలుగా రాయొచ్చని చెప్పి ఊరుకుంటారు. క్రిప్టోగ్రఫీకి కావలసిన గుణం వేరే ఉంది. 561, 1105 తర్వాత ఇది మూడో కార్మైకేల్ సంఖ్య. అంటే దీనితో ఉమ్మడి కారణాంకం లేని ఏ సంఖ్యని 1728వ ఘాతానికి ఎక్కించినా, 1729తో భాగిస్తే శేషం 1. ప్రధాన సంఖ్యలకుండే ఈ గుణాన్నే చూసే ఫెర్మా పరీక్ష దీన్ని ప్రధాన సంఖ్యే అనుకుంటుంది. అసలు సంగతి 7×13×19.

ఇక ఇలాంటి దొంగల్నీ పట్టే మిల్లర్–రాబిన్ పరీక్ష బోర్డు మీదే చేయించండి. 1728 అంటే 64×27. 2కి 27వ ఘాతాన్ని 1729తో భాగిస్తే శేషం 645. దాని వర్గానికి శేషం 1065, మళ్లీ వర్గం చేస్తే 1. ప్రధాన సంఖ్యకైతే 1కి వర్గమూలాలు 1, –1 మాత్రమే. 1065 ఆ రెండూ కాదు, దొంగ దొరికాడు. 1064కీ 1729కీ గ.సా.భా. తీస్తే 133, రెండో కారణాంకం 13. రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంతో సందేశాల్ని దాచే ఆర్‌ఎస్‌ఏ పద్ధతిలో అసలు వాడే పెద్ద సంఖ్యలు ఇలా కారణాంకాలు చెప్పవు. అవి ఫెర్మా పరీక్షలోనే సంయుక్తమని తేలిపోతాయి, అంతకుమించి ఏమీ బయటపెట్టవు. 2002లో కాన్పూర్ ఐఐటీ నుంచి వచ్చిన, ప్రధాన సంఖ్య అవునో కాదో కచ్చితంగా తేల్చే ఏకేఎస్ పద్ధతి సిద్ధాంతంగా గొప్పదే, ఆచరణలో మాత్రం ఇప్పటికీ మిల్లర్–రాబినే నడుస్తోంది.

ఆర్‌ఎస్‌ఏకి 17, 23 తీసుకుంటే చేత్తో చేయొచ్చు. లబ్ధం 391, ఫై విలువ 16×22 = 352. బహిరంగ ఘాతం 3, రహస్య ఘాతం 235, ఎందుకంటే 3×235 = 705 = 2×352+1. 100ని పంపాలంటే దాన్ని ఘనం చేసి 391తో శేషం తీయాలి: వర్గానికి 225, ఘనానికి 213. పంపేది 213.

పిల్లలు తప్పేది కొన్ని చోట్లే. రహస్య ఘాతాన్ని 352కి బదులు 391తో లెక్కిస్తారు. ఘాతంగా 11 ఎంచుకుంటారు, 352లో 11 కారణాంకం కాబట్టి విలోమమే ఉండదు. 400ని పంపితే తిరిగొచ్చేది 9, సందేశం 391 కన్నా చిన్నదై ఉండాలి. ఇక 5 పంపితే వచ్చేది 125, ఘనమూలం చూసి ఎవరైనా చెప్పేస్తారు. అందుకే అసలు వాడకంలో సందేశానికి యాదృచ్ఛిక అంకెలు చేర్చి పంపుతారు.

వచ్చిన 213ని రహస్య ఘాతానికి ఎక్కించి విప్పడం దగ్గర కాల్‌క్యులేటర్ చేతులెత్తేస్తుంది, 213కి 235వ ఘాతం 548 అంకెల సంఖ్య మరి. 17తో, 23తో విడివిడిగా చేస్తే శేషాలు 15, 8. 8 నుంచి 23 చొప్పున 31, 54, 77, 100 అని వెళ్తే 17తో శేషం 15 ఇచ్చేది 100. చైనీస్ శేష సిద్ధాంతం చేసే పని ఇంతే.

ఆ తర్వాతే పైథాన్. 213కి 235వ ఘాతం కోసం టోపీ గుర్తు (^) కొట్టేవాళ్లు తప్పక ఉంటారు. అక్కడది ఎక్స్‌ఆర్, అంటే బిట్లని పోల్చే వేరే లెక్క, ఎర్రర్ రాకుండా 62 అని చూపిస్తుంది. సంఖ్య, ఘాతం, భాజకం మూడూ తీసుకునే పౌ (pow) ఫంక్షన్ నేర్పండి, మధ్యలో శేషాలు తీసుకుంటూ పోతుంది.

మధ్యాహ్నానికి క్వాంటం కంప్యూటర్లని తట్టుకునే పద్ధతులు. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఖరారు చేసిన, రహస్య తాళం పంచుకునే పద్ధతి ఎంఎల్–కెమ్‌లో లెక్కలన్నీ 3329తో శేషాల మీదే. 3328 అంటే 256×13, కాబట్టి 1కి 256వ ఆదిమ మూలం, అంటే 256వ ఘాతానికే తొలిసారి శేషం 1 ఇచ్చే సంఖ్య, దొరుకుతుంది. ప్రమాణంలో తీసుకున్నది 17. వర్గం చేసుకుంటూ పోతే 289, 296, 1062, 2642, 2580, ఆరోసారి 1729! దాని వర్గం 3328, అంటే –1. బహుపదుల గుణకారం వేగంగా జరగడానికి ఆధారం ఈ మూలమే. ఈ వరుస మాత్రం చెప్పకండి, పిల్లల చేతనే చేయించండి.

వక్తల కోసం దూరం పోనక్కర్లేదు, హైదరాబాద్ గచ్చిబౌలిలో సి.ఆర్. రావు గణిత పరిశోధన సంస్థ ఉంది. బల్లకి ఆరుగురు మించకుండా, ప్రతి బల్ల దగ్గరా ఒక పూర్వ విద్యార్థి కూర్చుంటే సరిపోతుంది. బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఉన్నవాళ్లు ఆ పూటకి సెలవు పెట్టండి. తెల్లకాగితాలు, సుద్దముక్కలు శాఖ ఇస్తుంది, ల్యాప్‌టాప్ మీరే తెచ్చుకోండి.